అమ్మ షుగర్ పుస్తకంలో తొమ్మిది రోజులూ 142

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఈవిడకు 48 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నారు. తల్లికి 73. ఇరవై ఏళ్లుగా షుగర్, పదిహేనేళ్లుగా బీపీ. ఏడాదిన్నర కిందట తండ్రి పోయాక తల్లి సొంతింట్లో ఒక్కరే ఉంటున్నారు. కూతురి ఇల్లు అక్కడికి అరగంట దూరం. తమ్ముడు వేరే ఊళ్లో ఉంటూ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు. తల్లి వేసుకునే మందుల్లో షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, ఇంకా బీపీ మాత్రలు ఉన్నాయి. భర్త పోయినప్పటి నుంచి రాత్రిపూట ఒక నిద్రమాత్ర కూడా.

ఎనిమిది నెలలుగా అమ్మ చెప్పిందే చెబుతోంది, అడిగిందే అడుగుతోంది. మాత్రల డబ్బాలో మంగళవారం నాటికే బుధవారం గడి ఖాళీగా కనబడుతోంది. ఒక్కోసారి శనివారం వచ్చినా గురువారం మాత్రలు అలాగే ఉంటున్నాయి. నెల కిందట ఒకరోజు పొద్దున పదకొండింటికి ఈవిడ వెళ్లేసరికి అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లంతా చెమట. కూతుర్ని చూసి "మీ నాన్న ఇంకా రాలేదేంటే?" అంది. మీటర్ పెట్టి చూస్తే 48. గ్లూకోజ్ నీళ్లు తాగించాక పావుగంటలో తేరుకుని, "ఎండకి కళ్లు తిరిగాయిలే" అనేసింది. ఈ సంగతి డాక్టర్‌కి చెప్పలేదు. అంతకు రెండు వారాల ముందే చూపించారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.4 వచ్చిందని ఆయన మెచ్చుకున్నారు కూడా.

అమ్మ రోజూ పొద్దున్నే షుగర్ చూసుకుని ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. స్కేలుతో గీతలు గీసి, తేదీ వేసి, గుండ్రటి దస్తూరీతో. పోయిన వారం ఈవిడ ఆ పుస్తకం తిరగేస్తే తొమ్మిది రోజులు వరసగా 142 అని ఉంది. మీటర్ మెమరీలో చూస్తే ఆ తొమ్మిది రోజుల్లో పరీక్ష చేసుకుంది రెండుసార్లే. ఆ రెండింటిలో ఏదీ 142 కాదు. "అబద్ధం ఎందుకు రాశావమ్మా?" అని అరిచేశారు. "నాకేం మతి పోయిందనుకుంటున్నావా?" అని ఆవిడ పుస్తకం విసిరేసి రెండు రోజులు మాట్లాడలేదు.

మందులన్నీ నా చేతిలోకి తీసేసుకోనా? అమ్మకు తెలియకుండా డాక్టర్‌తో మాట్లాడితే తప్పా? మతిమరుపు పరీక్ష చేయిస్తే జన్మంతా ఆ ముద్ర మోయాలేమో? ఉద్యోగం మానేసి అమ్మను మా ఇంటికి తెచ్చేసుకోనా? తమ్ముడేమో "వయసొచ్చిందక్కా, అందరికీ మామూలే, నాతో బాగానే మాట్లాడుతోంది" అంటున్నాడు. ఇవీ ప్రశ్నలు. ఉత్తరం చివర్లో, కొట్టేసి మళ్లీ రాసిన ఒక వాక్యం ఉంది. "నాకూ షుగర్ బోర్డర్‌లో ఉంది. నేనూ ఇలాగే అయిపోతానా?"

మీరు అడిగినవాటికి ఒక్కొక్కటిగా వస్తాను. కానీ ముందు ఆ 48 గురించి మాట్లాడాలి. ఉత్తరం మధ్యలో నాలుగు వాక్యాల్లో చెప్పి దాటేశారు. నాకు మాత్రం మిగతా అన్నిటికంటే అదే ఎక్కువ భయం పుట్టించింది.

రక్తంలో షుగర్ 70 కంటే దిగితే తక్కువ కింద లెక్క. 54 కంటే దిగితే ప్రమాదం. మెదడు దాదాపు ఎప్పటికప్పుడు రక్తంలో వచ్చే గ్లూకోజ్ మీదే నడుస్తుంది, దాని దగ్గర చెప్పుకోదగ్గ నిల్వ ఉండదు. ఆ పదకొండు గంటల వేళ మీ నాన్నగారు లేరన్న సంగతి కూడా ఆవిడకు అందలేదంటే, పావుగంటలో మళ్లీ అందిందంటే, కారణం ఎండా కాదు, వయసూ కాదు. గ్లిమెపిరైడ్ పనిచేసే తీరే అలాంటిది. అన్నం తిన్నారా లేదా అని అది చూడదు. క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. మాత్ర వేసుకుని తినడం మర్చిపోయినా, వేసుకున్నది మర్చిపోయి ఇంకోటి వేసుకున్నా, షుగర్ పడిపోతుంది. బుధవారం గడి మంగళవారానికే ఎందుకు ఖాళీ అవుతోందో ఇప్పుడు ఆలోచించండి.

ఇక ఆ 6.4. అది చూసి డాక్టర్ మెచ్చుకున్నారన్నారు. ఆ తర్వాత మెట్ల మీద జరిగింది తెలిస్తే ఆయన ఇప్పుడు ఆ మాట అనరనుకుంటాను. సగటు అంటే సగటే కదా. ఒక పూట 240, ఒక పూట 48 ఉన్నా కాగితం మీద అందంగానే కనబడుతుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలు ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసు వాళ్లకు ఈ అంకె 7 నుంచి 7.5 లోపు ఉంటే చాలంటాయి. మతిమరుపు మొదలైనవాళ్లకు, నాలుగైదు జబ్బులు కలిసి ఉన్నవాళ్లకు 8 లోపు ఉన్నా ఫరవాలేదంటాయి. షుగర్ పడిపోయే మాత్ర వేసుకుంటూ, ఏది వేసుకున్నారో గుర్తులేని 73 ఏళ్ల మనిషికి 6.4 వచ్చిందంటే మందు ఎక్కువవుతోందేమో అని అనుమానించాలి.

మీరు అమ్మగారి షుగర్‌ని ఒక సమస్యగా, మతిమరుపుని ఇంకో సమస్యగా చూస్తున్నారు. నాకు అవి విడివిడిగా కనబడటం లేదు. షుగర్ బాగా పడిపోవడం పదేపదే జరిగేవాళ్లలో డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మతిమరుపు జబ్బు, ఎక్కువగా కనబడుతుంది. డిమెన్షియా ఉన్నవాళ్లలో షుగర్ పడిపోవడమూ ఎక్కువే. ఒకదాన్నొకటి తోస్తూ పోతాయి. పైగా ఆవిడకు రాసిన ఈ మందుల పద్ధతి ఎప్పటిది? వేళకు తిని, వేళకు మాత్ర వేసుకుని, గీతలు గీసి లెక్క రాసుకునే ఒక చురుకైన మనిషి కోసం రాసింది. దాన్ని నడపడానికి ఆ మనిషే కావాలి. ఇప్పుడు ఆవిడకు అంత ఓపిక, అంత జ్ఞాపకం లేవు. ఆ పద్ధతికి సరిపోయేలా ఆవిడను దిద్దాలని మీరు ఎనిమిది నెలలుగా అలిసిపోతున్నారు. పద్ధతినే ఆవిడకు సరిపోయేలా కుదించమని డాక్టర్‌ని అడగండి. మిగతా నిర్ణయాలన్నీ దాని తర్వాతే.

కాబట్టి రేపే ఫోన్ చేయండి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. "ఫలానా రోజు 48కి పడిపోయింది, నాన్న పోయిన సంగతి కూడా గుర్తులేదు, మాత్రలు రెండుసార్లు వేసుకుంటున్నట్టు అనుమానం" అని ఇంతే చెప్పండి. మీ అంతట మీరు మందులు ఆపేయకండి. గ్లిమెపిరైడ్ తగ్గించాలా, తీసేయాలా, షుగర్‌ని అంతలా పడేయని వేరే మందుకు మార్చాలా, రోజు మొత్తానికి ఒకే పూటకు కుదించవచ్చా అన్నది ఆయన తేలుస్తారు. ఈలోగా ఇంకోసారి అలా జరిగితే, గ్లూకోజ్ ఇచ్చి తేరుకున్నాక కూడా ఏదైనా తినిపించి కొన్ని గంటలు దగ్గరే ఉండండి. ఆ మాత్ర ప్రభావం చాలాసేపు ఉంటుంది, షుగర్ మళ్లీ పడొచ్చు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, అంబులెన్స్ పిలవండి.

మతిమరుపు దగ్గరికి వస్తాను. మీరు అప్పుడే అల్జీమర్స్ (డిమెన్షియాల్లో ఎక్కువగా కనబడే రకం) అని మనసులో రాసేసుకున్నట్టున్నారు. కావచ్చు. కానీ అక్కడికి వెళ్లేలోపు దారిలో చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బీ12 విటమిన్ తగ్గుతుంది. బీ12 తగ్గితే మతిమరుపు రావచ్చు. థైరాయిడ్ తక్కువైనా అంతే. ఈ రెండూ రక్తపరీక్షలో తేలిపోతాయి. ఆ నిద్రమాత్ర ఏదో నాకు రాయలేదు. పెద్దవయసులో చాలా రకాల నిద్రమాత్రలు, మామూలు జలుబు మాత్రల్లో కొన్ని, జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి, తూలి పడేలా చేస్తాయి. అది కూడా ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇంకొకటి, మీ నాన్నగారు పోయి ఏడాదిన్నర. అన్నేళ్లు పక్కనున్న మనిషి పోతే వచ్చే దిగులు పెద్దవాళ్లలో ఒక్కోసారి ఏడుపుగా కాకుండా మతిమరుపులా కనబడుతుంది. చెవులు కూడా చూపించండి. ఒక్కోసారి అడిగిందే అడగడానికి కారణం జవాబు సరిగా వినబడకపోవడమే.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి అయోమయం పెరిగి, పగలంతా మగతగా ఉంటూ, రాత్రి లేనివి కనబడుతున్నాయంటే అది మతిమరుపు ముదరడం అనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిది ఏదైనా ఉండొచ్చు. అదే రోజు చూపించాలి.

ఇవన్నీ చూశాక కూడా మతిమరుపు మిగిలితే పరీక్ష మాట. ముద్ర పడుతుందేమో అన్న మీ భయం నాకు అర్థమైంది. పరీక్షలో ఏముంటుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మొదట చేసేది చాలా చిన్నది. మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంటారు, గడియారం బొమ్మ వేసి ముళ్లు ఫలానా వేళకు పెట్టమంటారు, తర్వాత ఆ మూడు మాటలు అడుగుతారు. మూడు నాలుగు నిమిషాల పని. దాన్నిబట్టి ఇంకా వివరమైనవి, అవసరమైతే స్కాన్. ఒక్క పరీక్షతో ఎవరూ డిమెన్షియా అని తేల్చరు. వయసుకు మించిన మతిమరుపు ఉన్నా రోజువారీ పనులు చేసుకోగలిగే మధ్యస్థితి ఒకటుంది. అందులో ఉన్నవాళ్లలో కొందరు ముదురుతారు, కొందరు ఏళ్ల తరబడి అలాగే ఉంటారు, కొందరు తిరిగి మామూలవుతారు.

చేయించకపోతే ఏమవుతుంది? ఇప్పటికిప్పుడు ఏమీ కాదు. ఇంట్లో గొడవ కూడా ఉండదు. కానీ ఇంకో రెండేళ్లకు ఏదైనా ఆపద వచ్చినప్పుడు, ఆవిడ డబ్బు వ్యవహారాలు ఎవరు చూడాలి, ఎక్కడ ఉండాలి, ఎంతవరకు వైద్యం చేయించాలి అన్నవన్నీ మీరూ తమ్ముడూ ఆస్పత్రి వరండాలో కొట్లాడుకుంటూ తేల్చుకోవాల్సి వస్తుంది. చేయిస్తే, కష్టమైన మాట వినాల్సి రావచ్చు, కానీ ఇవన్నీ ఆవిడే తన నోటితో చెప్పగలిగే సమయం మిగులుతుంది. మతిమరుపు మందుల మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకండి. డోనెపెజిల్ లాంటివి కొందరికి కొంతకాలం కాస్త ఊరటనిస్తాయి, జబ్బుని ఆపవు. ఈమధ్య వచ్చిన లెకనెమాబ్, డొనానెమాబ్ ఇంజెక్షన్లు అల్జీమర్స్ తొలిదశలో, మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందని తేలినవాళ్లకు మాత్రమే. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మళ్లీమళ్లీ ఎంఆర్ఐ తీస్తూ ఇవ్వాలి.

ఆవిడకు తెలియకుండా డాక్టర్‌తో మాట్లాడటం తప్పా అన్నారు. మీరు చూసింది డాక్టర్‌కి చెప్పడం తప్పు కాదు. ముందుగానే ఒక కాగితం మీద తేదీలతో రాసి పంపండి. తన మతిమరుపు తనకు పూర్తిగా తెలియకపోవడం చాలామందిలో ఈ జబ్బులో ఒక భాగం, కాబట్టి ఇంట్లోవాళ్ల మాట డాక్టర్లకూ కావాలి. కానీ గదిలో కూర్చున్నాక మాత్రం ఆవిడ తల మీదుగా మాట్లాడకండి. ఇది నేను చేసిన తప్పు. చాలా ఏళ్ల కిందట మా అత్తగారిని చూపించడానికి వెళ్లి, ఆవిడ పక్కనే కూర్చుని ఉండగా ఆవిడ మరచిపోయినవన్నీ వరసపెట్టి ఏకరువు పెట్టాను. డాక్టర్ నా వైపే చూస్తూ రాసుకుంటున్నారు. మా అత్తగారు కాసేపు మా ఇద్దరి మొహాలూ చూసి, తర్వాత తల దించుకుని ఒళ్లో ఉన్న చేతిరుమాలు మడతలు పెడుతూ కూర్చున్నారు. ఆ తర్వాత ఏ పరీక్షకీ ఆవిడ నాతో రానన్నారు. ఆ రోజు చెప్పి సాధించిన దానికంటే నేను పోగొట్టిందే ఎక్కువ.

అమ్మగారిని ఎలా ఒప్పించాలంటే, అబద్ధం అక్కర్లేదు. "ఆ రోజు నీకు షుగర్ పడిపోయింది కదమ్మా, నాకు భయమేసింది, ఎందుకో అడుగుదాం రా" అనండి. అది నిజం. మతిమరుపు ఊసు డాక్టర్ తీస్తారు.

ఇప్పుడు మాత్రలు. అన్నీ లాగేసుకోవాలా వద్దా అని మీరు ఒకటే ప్రశ్నగా అడిగారు. అన్ని మాత్రలూ ఒక్కటి కాదు. బీపీ మాత్ర ఒక పూట తప్పితే కొంప మునగదు. గ్లిమెపిరైడ్ రెండు వేసుకుంటే, నిద్రమాత్ర రెండు వేసుకుంటే మునుగుతుంది. ప్రమాదమైనవి డాక్టర్ తీసేశాక మిగిలినవి ఎన్నో చూడండి. నాలుగు మాత్రలు పొద్దున ఒకే పూట అయితే, వారానికోసారి మీరిద్దరూ కూర్చుని డబ్బా నింపి ఆవిడ దగ్గరే ఉంచవచ్చు. ఆవిడ పెద్దరికం నిలబడుతుంది, ఒకటీ అరా తప్పుతాయి, ఆ తప్పుల్ని మీరు భరించగలగాలి. ప్రమాదమైన మాత్ర ఏదైనా తీసేయడం కుదరకపోతే, అది మాత్రం మీ దగ్గరుంచుకుని రోజూ ఇవ్వడమో, ఇచ్చే మనిషిని పెట్టుకోవడమో చేయాలి. అందులో భద్రత ఎక్కువ, రోజూ అరగంట ప్రయాణం మీ నెత్తిన పడుతుంది. అన్నీ తీసుకుని తాళం వేయడం చివరి మాట. చేస్తే చెప్పి చేయండి. దాచిపెడితే ఆవిడ వెతుకుతారు, దొరకకపోతే ఎవరో ఎత్తుకెళ్లారనుకుంటారు, ఆ అనుమానం ఇంకో జబ్బు.

తమ్ముడిని నేను తప్పుపట్టను. ఫోన్‌లో పది నిమిషాలు, తెలిసిన మనిషితో, రోజూ అవే కుశల ప్రశ్నలు. ఈ దశలో ఉన్నవాళ్లు చాలామంది అంతసేపు చక్కగా లాక్కొస్తారు. వయసుతో పేర్లు ఆలస్యంగా గుర్తుకురావడం మామూలే, ఆ మాటవరకు అతనన్నది నిజం. ఇరవై ఏళ్లు తప్పకుండా చేసిన పని చేయలేకపోవడం, చేసినట్టు రాసుకోవడం మామూలు కాదు. 2021 నాటికి ప్రపంచంలో 5.7 కోట్ల మందికి డిమెన్షియా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఎక్కువమందికి వస్తుంది, కానీ వయసొచ్చిన అందరికీ రాదు. ఇవన్నీ చెప్పి వాదించకండి. వారం రోజులు సెలవు పెట్టి వచ్చి అమ్మ దగ్గర ఉండమనండి, మీరు లేకుండా. వాదన అక్కడే తేలుతుంది.

ఉద్యోగం మానేయడం గురించి ఒక్కటే అడుగుతాను. ఈ మూడు నెలల్లో ఆ నిర్ణయం తీసుకోకండి. మందులు కుదించి, బీ12 సరిచేసి, నిద్రమాత్ర తగ్గించాక మీ అమ్మగారు ఎలా ఉంటారో మీకూ నాకూ ఇప్పుడు తెలియదు. ఇంటికి తెచ్చుకుంటే భోజనం వేళకు పడుతుంది, రాత్రి మీకు నిద్ర పడుతుంది. కానీ మతిమరుపు ఉన్న మనిషికి కొత్త ఇల్లంటే రాత్రి రెండింటికి బాత్రూమ్ ఎటో తెలియకపోవడం. సొంతింట్లో చీకట్లో కూడా ఆవిడ కాళ్లకు దారి తెలుసు. అక్కడే ఉంచితే ఆ నిబ్బరం ఉంటుంది, కానీ రోజూ రెండు పూటలా ఎవరో ఒకరు వెళ్లి ఆవిడను చూసి రావాలి. ఏవి జరిగితే ఇక ఒంటరిగా ఉంచకూడదో మీరూ తమ్ముడూ ఇప్పుడే అనుకోండి. షుగర్ మళ్లీ అలా పడిపోవడం, స్టవ్ వెలిగించి మర్చిపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, భోజనం మానేయడం. వీటిలో ఒక్కటి జరిగినా మాట మార్చుకోకుండా ఉండేలా అనుకోండి. వీలైతే ఆ మాటల్లో అమ్మగారినీ కూర్చోబెట్టండి.

మీరు కొట్టేసి మళ్లీ రాసిన వాక్యానికి జవాబు చెప్పాలి. తల్లికి వస్తే పిల్లలకు అవకాశం కొంత పెరుగుతుంది, వచ్చి తీరుతుందని కాదు. మీ అమ్మగారికి ఏముందో ఇంకా తేలలేదు కూడా. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియా ముప్పు పెంచే పధ్నాలుగు కారణాలు లెక్కపెట్టింది. షుగర్, బీపీ, చెడు కొలెస్ట్రాల్, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, పొగతాగడం, ఒళ్లు కదపకపోవడం, దిగులు, ఒంటరితనం లాంటివి. వీటన్నిటినీ సరిచేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపడమో ఆలస్యం చేయడమో వీలవుతుందని దాని అంచనా. బీపీ, కొలెస్ట్రాల్ నడివయసులో ఎలా ఉన్నాయన్నది మరీ ముఖ్యం, అంటే మీకు ఇప్పుడు. బోర్డర్‌లో ఉన్న షుగర్‌కి నడక, బరువు తగ్గడం బాగా పనిచేస్తాయి. అమ్మను చూసుకునే హడావుడిలో మీ నడక మానేసి ఎన్నాళ్లైందో నాకు రాయలేదు.

అరిచానని బాధపడుతూ రెండు పేజీలు రాశారు. ఆ 142 గురించి నేననుకున్నది చెబుతాను. ఆవిడ రాసింది 300 కాదు, 60 కాదు. తన కూతురు చూసి సంతోషించే అంకె. మంచి అంకె ఏదో ఆవిడకు ఇంకా తెలుసు, పుస్తకం మీరు చూస్తారనీ తెలుసు, పొద్దున చూసుకోవడం మర్చిపోతున్నాననీ తెలుసు. ఆ గడులు ఖాళీగా వదలడానికి భయపడ్డారు. దాని గురించి మళ్లీ నిలదీయకండి, క్షమాపణ కూడా పెద్దగా చెప్పకండి, గుర్తుంటే బాధపడతారు.

మందులు మార్చాక పొద్దున్నే రోజూ చూడాల్సిన అవసరం ఉంటుందో లేదో డాక్టర్‌ని అడగండి, చాలామందికి ఉండదు. చూడాల్సిన రోజున మీరు వెళ్లండి. కొత్త పేజీకి గీతలు ఆవిడనే గీయమనండి. మీరు మీటర్ చూసి అంకె చదవండి, ఆవిడ రాస్తారు.